మీటతుపాకియు మందుకొలతయు
నడిగడ్డ, వనపర్తి, నాగరుకర్నూలు సీమల ఆయుధచరిత్ర



ఈ వార్షిక మహాసభా సంచికకు మన ప్రాంతచరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాయుమని కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. వంశావళులను గూర్చియు, దానశాసనములను గూర్చియు నితర పండితులు వ్రాయుదురు గావున, మన పాత యిండ్లలో గోడకు వ్రేలాడుచు, పెట్టెలలో దాగియుండిన యొక వస్తువును నేను గైకొంటిని. అది తుపాకి. దానిని గూర్చి మనము చెప్పుకొను గొప్పలు పెక్కులు, తెలిసికొనినది కొంచెము.

మొదట సంస్కృతగ్రంథముల మాట. శుక్రనీతిసారమున నాలికాయంత్రము వర్ణింపబడినది. సురేకారము అయిదు పలములు, గంధకము ఒక పలము, బొగ్గు ఒక పలము అను లెక్కయు నందు గలదు. దీనినిబట్టి మన ప్రాచీనులు తుపాకు లెరుగుదురని 1880వ సంవత్సర ప్రాంతమున చెన్నపురి పండితుడగు గుస్తావ్ ఓపర్ట్ వాదించెను. నేనును యౌవనమున నట్లే పాఠము చెప్పితిని. కాని ఆ గ్రంథము మిక్కిలి అర్వాచీనమనియు, 19వ శతాబ్దపు రచన కావచ్చుననియు పరిశోధకులు చూపియున్నారు. తెలిసిన పిదప సత్యమును దాచుట గురుధర్మము కాదు. అయినను ఆ గ్రంథకర్త యొక్క యొక గుణము మెచ్చదగినది: ఆయన ఆయుధముతోపాటు కొలతను జెప్పెను.

మన సీమకు తుపాకి వచ్చిన చరిత్ర నిశ్చితముగా చెప్పదగినది 1520వ సంవత్సరమునుండి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న యీ యంతర్వేది, మనము నడిగడ్డ యనునది, విజయనగర బిజాపుర రాజ్యముల కలహభూమి. శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినపుడు పోర్చుగీసు తుపాకివాండ్రు ఆయనకు తోడ్పడి, ప్రాకారముపై నిలిచిన వారిని గురిచూచి కొట్టిరని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. సోమనాద్రి గద్వాలకోటను కట్టించునాటికి తుపాకియు ఫిరంగియు దక్కనులో క్రొత్తవి కావు. 1786లో ఫ్రెంచి సేనాని రేమండు హైదరాబాదున ఫిరంగులు పోతపోయు కార్ఖానా నెలకొల్పెను. నేటికిని ఆ ప్రాంతమునకు గన్‌ఫౌండ్రీ యని పేరు. వనపర్తి సంస్థానమున ఆఫ్రికాదేశపు సిద్దీలతో గూడిన దళ ముండెడిది. 19వ శతాబ్దమున నది నైజాము సేనలో చేరెను. హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్సు అను పేటపేరు ఆ సిద్దీ అశ్వదళమును జ్ఞప్తికి దెచ్చుచున్నది.

ఆ కాలపు తుపాకికి మందు మూతివైపునుండి పోసి, గుండు దిగగొట్టి, చెవిలో నిప్పు రగుల్పవలెను. 1860 తరువాత ఇత్తడితోటా వచ్చెను. టోపీ, మందు, గుండు మూడును ఒక్క గొట్టములో నిమిడినవి. దానితో అమెరికాలో వించెస్టరు మీటతుపాకులు ప్రబలినవి. పిడిక్రిందనున్న మీటను క్రిందికి లాగి పైకి నెట్టినచో, కాల్చిన తొడుగు వెలుపల పడి క్రొత్త తోటా లోనికెక్కును. 1894వ సంవత్సరపు తుపాకియందు తోటాలు గొట్టము క్రింద ఒకదాని వెనుక నొకటి యుండును గావున, సూదిమొన గుండు వాడినచో ముందున్న తోటా టోపీని పొడిచి ప్రమాదము తెచ్చును. 1895వ సంవత్సరపు దానిలో బ్రౌనింగు అను శిల్పి తోటాలను నిలువుగా పెట్టెలో నమర్చి యీ దోషమును తొలగించెను. 1904లో దీనికే .405 అను పెద్దతోటాను జేసిరి. దాని గుండు తూకము 300 గ్రెయినులు, అనగా సుమారు పందొమ్మిదిన్నర గ్రాములు. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు రూజువెల్టు దీనిని ఆఫ్రికా వేటకు గొనిపోయెను.

ఈ తుపాకియే మన నల్లమలకు వచ్చినది. నల్లమల కృష్ణకు ఇరుదరుల వ్యాపించినది. ఉత్తరమున మన నాగరుకర్నూలు జిల్లా అమ్రాబాదు పీఠభూమి, దక్షిణమున గాజులపల్లె, దిగువమెట్ట రైలుస్టేషన్ల అడవి. బెంగుళూరు వేటకాడగు కెన్నెత్ ఆండర్సను (1910–1974) ఆ దక్షిణభాగమున తిరుగాడి నరభక్షక వ్యాఘ్రమును గూర్చి వ్రాసెను. ఆయన చేతనుండినది ఈ .405 మీటతుపాకి. ఆయనకు తోడైనవారు విల్లమ్ములతో అడవిని చదువగల చెంచులు.

కాని 1955వ సంవత్సర ప్రాంతమున కర్మాగారము ఆ తోటాను చేయుట మానెను. తుపాకి యున్నది, తోటా లేదు! పరదేశములలో నట్టి తుపాకులవారు తోటాలను చేతితో నింపుకొనిరి. కాల్చిన తొడుగును మరల కొలతకు దెచ్చి, క్రొత్త టోపీ నమర్చి, మందును గ్రెయిను లెక్కను తూచి, గుండు కూర్చి అంచు నొక్కవలెను. ఏడువేల గ్రెయినులు ఒక పౌను. అందులో రెండుమూడు హెచ్చినను కొన్ని తోటాలలో ఒత్తిడి హద్దు మీరును. అంతకంటె పెద్ద యపాయము వేరొకటి. 1884లో ఫ్రాన్సున వియెయ్ అను రసాయనికుడు పొగలేని మందును కనుగొనెను. మనదేశమున 1904లో నీలగిరులలోని అరవంకాడున దానికి కార్ఖానా వెలసెను. పాత నల్లమందు తొడుగునిండ పోయవచ్చును. పొగలేనిది అందులో కొంతమాత్రమే పోయవలెను. ఒకదాని కొలతతో మరియొకటి పోసినచో తుపాకియే యజమానికి శత్రువగును.

ఇది పుస్తకములలో జదివి చెప్పుమాట కాదు. నా బాల్యమున మా మాతామహుల యింట నొక నాటుతుపాకి యుండెడిది. పంట కావలికై దాని నుంచిరి. తాతగారు మందును వెదురు కొలగొట్టముతో కొలిచి, అంచునకు సమముగా వ్రేలితో రాసి, పిదపనే పోసెడివారు. ఆయన గతించిన పిమ్మట తుపాకి మా మేనమామకు సంక్రమించినది. కొలగొట్టము కొయ్యకు వ్రేలాడుచునే యుండెను. ఒకనాటి రాత్రి పందులు చేనబడగా మామ చేతి అంచనాతో మందు పోసెను. గొట్టము పగిలి ఎడమచేతి వ్రేళ్లు రెండు పోయినవి. మా అమ్మమ్మ ఆ కొలగొట్టమును దించి చేతబట్టుకొని చాలసేపు పలుకక కూర్చుండెను. తాతగారు ఇనుమును పంచియిచ్చిరి గాని కొలతను నేర్పుట కెవరును ఆయన నడుగలేదు.

కాలము మారినది. 1949లో జాగీరులు రద్దయినవి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట ముగిసినది. నైజాము వేటాడిన ఫరహాబాదు నేడు అమ్రాబాదు పులుల అభయారణ్యములోనిది. 1959వ సంవత్సరపు ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తుపాకి యుంచుకొనరాదు, మందుగుండు తయారు చేయరాదు. యజమాని గతించినచో వారసులు జాగుసేయక సమీప పోలీసుఠాణాలో గాని, లైసెన్సుగల వర్తకునియొద్ద గాని దానిని అప్పగించవలెను. 2019వ సంవత్సరపు సవరణతో ఒక్కరికి రెండింటికి మించి తుపాకులు తగవు.

కావున బంధువులారా! మీ యింట నట్టి పాత తుపాకి యున్నచో, తాతల నాటిదను అభిమానమున దాచకుడు. దొరికిన మందుతో నింపి పరీక్షింపకుడు. ముందు దాని పత్రములు చూడుడు; తరువాత ఇంటి వృద్ధులను అడిగి దాని కథ వ్రాసికొనుడు. ఇనుము తుప్పుపట్టును, తోటా దొరకకపోవును. ఏ వస్తువునకైనను కొలత తెలిసిన పెద్దవాడు జీవించియుండగానే యడిగి నేర్చుకొనిన కులమే తన చరిత్రను నిలుపుకొనును. అడుగుడు; ఆలసింపకుడు.

ఇతి శమ్.