కాపురానికి రమ్మని కోర్టు ఆజ్ఞ

తెలుగిళ్లలో కొత్త కోడలు గడప దాటడం పెద్ద సంబరం. గడప మీద బియ్యం చెంబు, కుడికాలితో దాన్ని తోయడం, మొగుడి పేరు చెబితే గానీ లోపలికి రానివ్వమని ఆడపడుచుల పట్టు, వెనకాల సారె బుట్టల్లో అరిసెలు, సున్నుండలు, చలిమిడి. బాల్యవివాహాల కాలంలో ఈ సంబరం పెళ్లి అయిన వెంటనే జరిగేది కాదు. ఏడెనిమిదేళ్లకే మెడలో పుస్తె పడ్డా పిల్ల పుట్టింట్లోనే ఉండేది. ఈడేరాక పెద్దలు మంచిరోజు చూసి కాపురానికి పంపేవారు. పెళ్లికీ కాపురానికీ నడుమ గడిచిన ఆ కొన్నేళ్లలో ఇద్దరూ పెరిగేవారు, మారేవారు. బండి కట్టే రోజున మాత్రం, వెళ్లడం నీకిష్టమేనా అని పిల్లను అడిగేవారు లేరు.

బొంబాయిలో ఒక అమ్మాయి ఎవరూ అడగకుండానే జవాబు చెప్పింది. నేను వెళ్లనంది.

ఆమె రుఖ్మాబాయి. 1864లో పుట్టింది. పసితనంలోనే తండ్రి పోయాడు. వాళ్ల కులంలో వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకునే ఆచారం ఉండడంతో తల్లి జయంతీబాయి డాక్టర్ సఖారాం అర్జున్‌ను పెళ్లాడింది. రుఖ్మాబాయికి పదకొండేళ్లప్పుడు దాదాజీ భికాజీ అనే బంధువుల కుర్రాడితో పెళ్లి చేశారు. అతనికి అప్పటికి ఇరవై లోపే. అతన్ని చదివించి ప్రయోజకుణ్ని చేయాలని పెద్దల ఆలోచన. అతను చదువు మధ్యలోనే వదిలేశాడు, జబ్బుపడ్డాడు, మేనమామ పంచన చేరాడు. పిల్ల ఈడేరగానే కాపురానికి పంపాలన్న మాట వచ్చింది. వైద్యుడైన సఖారాం అంత చిన్న వయసులో కుదరదని అడ్డుపడ్డాడు. ఆ అడ్డు వల్ల దొరికిన సంవత్సరాల్లో రుఖ్మాబాయి ఇంట్లోనే పుస్తకాలు తెప్పించుకుని చదువుకుంది. మారుతండ్రి చేసిన ఈ ఒక్క మేలు ఆమె జీవితాన్నే మార్చేసింది.

1884లో దాదాజీ బొంబాయి హైకోర్టుకెక్కాడు. తన భార్యను తనింటికి పంపించాలని, దాంపత్య హక్కులు పునరుద్ధరించాలని దావా వేశాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో జస్టిస్ పిన్హే ఆ దావా కొట్టేశారు. ఆయన పట్టుకున్న పాయింటు చిన్నదే, కానీ గట్టిది. ఆగిపోయిన కాపురాన్ని మళ్లీ నిలబెట్టమంటే అది పునరుద్ధరణ. ఈ ఇద్దరూ ఒక్కరోజూ కలిసి కాపురం చేసినవాళ్లు కారు. మొదలే కానిదాన్ని పునరుద్ధరించడం ఎలా? పసితనంలో తనకు తెలియకుండా జరిగిన పెళ్లిని చూపించి, ఎదిగిన స్త్రీని ఇష్టంలేని మనిషి ఇంటికి బలవంతంగా తోలడం అనాగరికమని ఆయన భావించారు.

ఈ హక్కు అసలు మన శాస్త్రాల్లోది కాదు. ఇంగ్లండులో చర్చి కోర్టులు నడిపిన చట్టం అది. తెల్లదొరల న్యాయస్థానాలతో పాటే ఇక్కడికొచ్చింది. 1867లో ఒక ముస్లిం దంపతుల కేసులో లండన్ ప్రీవీ కౌన్సిల్ దీన్ని ఇక్కడి వాళ్లకూ వర్తింపజేసింది. డిక్రీ పాటించకపోతే జైలుకు పంపే వీలు అప్పటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. ఇంగ్లండులో ఆ జైలు శిక్షను 1884లోనే తీసేశారు. అంటే తమ ఆడవాళ్ల మీద వద్దనుకున్న శిక్షను ఇక్కడి ఆడవాళ్ల మీద అలాగే ఉంచారు. సంప్రదాయం కాపాడుతున్నామంటూ రుఖ్మాబాయిని తిట్టిపోసిన వాళ్లు నిజానికి కాపాడింది ఈ పరాయి చట్టాన్నే.

తిట్టినవాళ్లలో సామాన్యులే కాదు, తిలక్ పత్రిక ‘కేసరి’ కూడా ఉంది. రుఖ్మాబాయి ఊరుకోలేదు. ‘ఎ హిందూ లేడీ’ అనే మారుపేరుతో 1885లో ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’కు ఉత్తరాలు రాసింది. బాల్యవివాహం ఆడపిల్ల చదువును ఎలా మింగేస్తుందో అందులో చెప్పింది. దాదాజీ అప్పీలు చేశాడు. 1886లో ప్రధాన న్యాయమూర్తి సార్జెంట్, జస్టిస్ బేలీ ఇద్దరూ పిన్హే తీర్పును తిరగదోడి కేసును మళ్లీ కింది విచారణకు పంపారు. 1887 మార్చి 4న జస్టిస్ ఫారన్ తీర్పు వచ్చింది: నెలలోగా భర్త ఇంటికి వెళ్లాలి, లేదా ఆరు నెలలు జైల్లో ఉండాలి.

జైలుకే వెళ్తానంది ఆమె.

జైలుకు వెళ్లాల్సిన అవసరం రాలేదు. 1888లో రెండు వేల రూపాయలు పుచ్చుకుని దాదాజీ తన హక్కు వదులుకున్నాడు. 1889లో రుఖ్మాబాయి లండన్ వెళ్లి మహిళా వైద్య కళాశాలలో చేరింది. 1894లో డాక్టరై తిరిగొచ్చి సూరత్‌లో, తర్వాత రాజ్‌కోట్‌లో దశాబ్దాల పాటు ఆడవాళ్ల ఆస్పత్రులు నడిపింది. 1904లో దాదాజీ చనిపోయినప్పుడు ఆమె వితంతువుల తెల్లచీర కట్టుకుందంటారు. ఆమె మనసులో ఏముందో ఊహించి చెప్పడం తగదు. 1955లో, తొంభై ఏళ్ల వయసులో కన్నుమూసింది. సరిగ్గా అదే ఏడాది వచ్చిన హిందూ వివాహ చట్టంలో దాంపత్య హక్కుల పునరుద్ధరణ సెక్షన్ 9 రూపంలో మళ్లీ చోటు సంపాదించింది. జైలు శిక్షను మాత్రం 1923లోనే ఎత్తేశారు. మాట వినని వారి ఆస్తి జప్తు చేయడం మిగిలింది.

ఆ సెక్షన్‌కు దేశంలో గట్టి దెబ్బ తగిలింది అప్పటి మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనే. దానికి కారణమైన కేసు కడప సబ్‌కోర్టులో పుట్టింది. ‘మరో చరిత్ర’తో తెలుగువాళ్ల ఇంటింటా తెలిసిన నటి సరితకు 1975లో, హైస్కూలు చదువుతున్న పదహారేళ్ల వయసులో తిరుపతిలో పెళ్లయిందన్నది ఆ కేసు. దంపతులు కొద్దికాలానికే విడిపోయారు. కొన్నేళ్ల తర్వాత భర్త సెక్షన్ 9 కింద పిటిషన్ వేశారు. ఈ కేసు వినే అధికారం కడప కోర్టుకు లేదని సరిత వాదించారు. అక్కడ చెల్లకపోవడంతో హైదరాబాదులోని హైకోర్టుకు వచ్చారు. పరిధి గురించిన తగాదా అక్కడ రాజ్యాంగ ప్రశ్నగా మారింది.

1983 జులై 1న జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పు చెప్పారు. కాపురం చేయమని ఆదేశించడమంటే స్త్రీ శరీరం మీద నిర్ణయాన్ని ఆమె చేతిలోంచి లాక్కుని ప్రభుత్వం చేతిలో పెట్టడమేనన్నారు. ఎప్పుడు, ఎవరి బిడ్డకు తల్లి కావాలో తేల్చుకోవాల్సింది ఆమె. చట్టం భార్యాభర్తలిద్దరికీ ఒక్కటే హక్కు ఇచ్చినట్టు కనిపించినా గర్భం మోసేది, జీవితం మారిపోయేది ఆమెకే కాబట్టి ఆ సమానత్వం పైపైదేనన్నారు. గోప్యత, గౌరవం, సమానత్వం మూడింటికీ విరుద్ధమంటూ సెక్షన్ 9ని కొట్టేశారు. తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది 2017లో. అంతకు ముప్పై నాలుగేళ్ల ముందు హైదరాబాదులో ఒక న్యాయమూర్తి ఈ మాట అనగలిగారు. తెలుగు నేల మీద వెలువడిన గొప్ప తీర్పుల్లో దీనికి ముందు వరుసలో చోటివ్వాలి.

ఆ గెలుపు నిలవలేదు. అదే ఏడాది నవంబరులో ఢిల్లీ హైకోర్టు, రాజ్యాంగ సూత్రాలు ఇంటి గడప లోపలికి రాకూడదన్న ధోరణిలో సరిగ్గా ఎదురు తీర్పిచ్చింది. 1984లో సరోజ్‌రాణి కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ వైపే మొగ్గింది. పెళ్లిళ్లు విచ్ఛిన్నం కాకుండా ఈ సెక్షన్ కాపాడుతుందని అంది. ఇంగ్లండు మాత్రం తాను పుట్టించిన ఈ దావాను 1970 చట్టంతో రద్దు చేసుకుంది. ఇక్కడ 2019లో న్యాయశాస్త్ర విద్యార్థులు దీన్ని మళ్లీ సుప్రీంకోర్టులో సవాలు చేశారు. పార్లమెంటే పూనుకుని సెక్షన్ 9ని తీసేయడం న్యాయం. కలిసి ఉండాలన్న కోరికకు కోర్టు ఆజ్ఞ అక్కర్లేదు. ఆ కోరిక లేని చోట ఈ ఆజ్ఞ ఎక్కువగా విడాకులకో, మనోవర్తి ఎగ్గొట్టడానికో దారి అవుతోంది.

అలాంటి నోటీసు అందుకున్న ఆడపడుచులు మూడు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. డిక్రీ ఉన్నా సరే, పోలీసులను పెట్టి మిమ్మల్ని ఆ ఇంటికి పంపే అధికారం కోర్టుకు లేదు. వెళ్లకపోవడానికి తగిన కారణం ఉంటే, డిక్రీ పాటించలేదన్న ఒక్క సాకుతో మనోవర్తి నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. వకీలుకు ఫీజు కట్టలేమని నోటీసును పక్కన పడేయకండి. ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి స్త్రీకీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.