కట్టుడు పళ్ళ వెనుకటి కథ

పూర్వపు నాట్లపాటలను ధ్వనిముద్రణము చేసికొని వచ్చుటకు మేమొకమారు గుడివాడ చేరువనున్న నందివాడకు పోయితిమి. పాడవలసిన మామ్మకు ఎనుబది ఏండ్లు దాటినవి. మేము మైక్రోఫోను సరిచేయుచుండగా ఆమె గూటిలోని గాజుగ్లాసును తెప్పించుకొని, "పళ్ళు పెట్టుకుని పాడనా బాబూ, తీసి పాడనా?" అని అడిగినది. ఇన్నేండ్ల ఉద్యోగములో మమ్ము ఆ ప్రశ్న ఎవరును అడిగియుండలేదు. రెండు విధములను ముద్రించితిమి. పళ్ళు లేనపుడు గొంతు తేటగా వచ్చినది గాని మాట జారినది. పళ్ళున్నపుడు మాట నిలిచినది గాని, కట్టు వదులై టకటకమను చప్పుడు పాటకు తాళమువలె వెంట వచ్చినది. 'చలి', 'చాప', 'జొన్న' అను మాటలలోని చజలకు మన వ్యాకర్తలు దంత్యములని పేరిడిరి. పళ్ళే లేనిచో ఆ యక్షరములు ఎచట నిలువగలవు?

"ఇవి అన్నానికి పనికిరావు బాబూ, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ" అని ఆమె నవ్వినది. తమలపాకు, వక్క దంచుకొనుటకు ప్రక్కనే చిన్న ఇత్తడి రోలున్నది. పళ్ళెట్లు పోయినవని అడిగితిమి. క్రిందివి ఒక్కటొక్కటిగా పీకించుకొన్నదట. పైవి మాత్రము పుచ్చి, విరిగి, వాటంతట అవి రాలువరకు బాధ పడినదట. "పై పన్ను పీకిస్తే కన్ను పోతుందని మా అత్తగారు ఒప్పుకునేది కాదు."

ఈ భయము నందివాడలో పుట్టినది కాదు. సుశ్రుత సంహిత నోటిరోగములను అరువదియైదుగా లెక్కించి చికిత్సలు చెప్పినది. పైదవడ పన్ను కదలుచున్నను పెరుకరాదనియు, పెరికినచో రక్తము మిక్కుటముగా పోయి కన్ను చెడుట, మూతి వంకరపోవుట మొదలగు కష్టములు కలుగుననియు ఆ గ్రంథముననే యున్నది. రక్తమును నిలుపు సాధనములు తక్కువైన కాలమున అది వివేకమే కావచ్చును. అయితే పై పళ్ళ వేళ్ళకును చూపునిచ్చు నాడికిని సంబంధము లేదని శరీరశాస్త్రము తేల్చి చాలకాలమైనది. కారణము మరుగున పడినది. భయము మాత్రము అత్తల నోట కోడండ్రకు చేరుచు వచ్చినది.

పుచ్చిన పంటిని పెరుకక నిలుపుకొను ఊహయు మనకు క్రొత్తది కాదు. పంటి బొరియను బెల్లముతోగాని మైనముతోగాని నింపి కాల్చుమని వాగ్భటుని అష్టాంగహృదయము చెప్పినది. జిల్లేడుపాలు నింపుటయు అందున్నది. బాధ తగ్గియుండవచ్చును. కాని బెల్లమును మైనమును నోటి తడికి, నమలు ఒత్తిడికి ఎన్నాళ్ళు ఆగును? ఊహ యున్నది, పదార్థము లేదు.

ఈ లోటు మనకొక్కరికే కాదు. 1789లో అమెరికా అధ్యక్షుడుగా ప్రమాణము చేసిననాటికి జార్జి వాషింగ్టను నోట సొంత పన్ను ఒక్కటే మిగిలియుండెను. ఆయన కట్టుడు పళ్ళు కొయ్యవని లోకమున నొక ప్రవాదము కలదు. నిజమునకు నీటియేనుగు దంతము, మనుష్యుల పళ్ళు, లోహములు కలిపి చేసినవి అవి. 1815లో వాటర్లూ యుద్ధభూమిలో పడిన సైనికుల నోళ్ళనుండి ఊడబెరికిన పళ్ళు ఐరోపా ధనికుల నోళ్ళకు చేరెను. పదునెనిమిదవ శతాబ్ది చివర పారిస్ నగరమున పింగాణి పళ్ళు వచ్చి, అవి పుచ్చవు గనుక, ఆ ఘోరమును క్రమముగా మాన్పించినవి. అయినను పళ్ళను కూర్చు పీఠము బంగారముదో దంతముదో కావలెను. కట్టించుకొనువాడు కలవాడై యుండవలెను.

సామాన్యునికి దారి చూపినది రబ్బరు. చార్లెస్ గుడ్యియర్ రబ్బరును గంధకముతో ఉడికించి గట్టిపరచు విధమునకు 1844లో పేటెంటు పొందెను. దానిని మరింత గట్టిగా చేసిన వల్కనైటును చిగుళ్ళ అచ్చుపై సరిగా అమర్చి, పింగాణి పళ్ళను గ్రుచ్చి, ఆవిరిలో ఉడికించుట సాధ్యమైనది. బంగారముకంటె ఖర్చు చాల తక్కువ. కాని పేటెంటు చేజిక్కించుకొన్న కంపెనీ ప్రతి దంతవైద్యుని వద్దను రుసుము రాబట్టుచు, ఈయనివారిపై వ్యాజ్యములు వేసినది. 1879లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక దంతవైద్యుడు విసిగి ఆ కంపెనీ కోశాధికారిని తుపాకితో కాల్చి చంపెను! పేటెంటు గడువు ముగిసిన పిదప రబ్బరు కట్టు లోకమంతట వ్యాపించినది. 1930ల చివర దాని స్థానమును ఆక్రిలిక్ ఆక్రమించెను. యుద్ధవిమానముల అద్దాలకు వాడిన జాతి పదార్థమే యది. చిగుళ్ళ రంగు దీనికి చక్కగా పట్టును. మామ్మ గ్లాసులోని కట్టు ఈ జాతిదే.

మన దేశమున దంతవైద్య కళాశాల మొదటిది 1920లో కలకత్తాలో డాక్టరు ఆర్. అహ్మద్ స్థాపించినది. కలకత్తా మొదలగు నగరములలో చైనానుండి వచ్చి స్థిరపడిన కుటుంబములవారు పళ్ళు కట్టుటలో పేరు పొందిరి. 1948 నాటి దంతవైద్యుల చట్టము పట్టముగలవారిని రిజిస్టరులో 'ఎ' భాగమునను, పట్టము లేకున్నను అంతకు మునుపు కొన్నేండ్లుగా ఆ వృత్తిచేతనే జీవించుచున్నవారిని 'బి' భాగమునను చేర్చినది. దేశమున పట్టభద్రులు అంత తక్కువగా ఉండిరి మరి. (2023లో పార్లమెంటు ఈ చట్టమునకు బదులుగా వేరొక చట్టము చేసినది.) హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో వచ్చినది. నేడు గన్నవరము చెంత చినఆవుటపల్లిలోనే ఒక దంతవైద్య కళాశాల ఉన్నది. నందివాడవారు హైదరాబాదు పోనక్కరలేదు.

అయినను 'నొప్పి వచ్చెనా, పీకించుము' అను అలవాటు పోలేదు. పీకించిన పిదప జరుగునది పలువురెరుగరు. పన్ను పోయినచోట దవడ ఎముక ఏటేట అరుగును. క్రింది దవడ మరింత త్వరగా అరుగును. కట్టు చేసిననాడు సరిపోయినను కొన్నేండ్లకు వదులగును. మామ్మ పాటకు తాళము వేసినది ఇదియే; కట్టినవాని తప్పు కాదు. స్వీడనులో బ్రేన్‌మార్క్ అను శాస్త్రజ్ఞుడు 1952లో కుందేటి ఎముకలో అమర్చిన టైటానియము ఎముకతో ఏకమైపోవుట చూచి, 1965లో ఒక రోగి దవడలో టైటానియపు మేకులను నాటి వాటిపై పళ్ళు నిలిపెను. ఆ రోగి నలువది ఏండ్లకు పైగా వాటితో జీవించెను. నేడు మన పట్టణములలోను ఈ ఇంప్లాంటులు వేయుచున్నారు గాని, రైతుకూలీకి ఆ ఖరీదు దూరమే.

పన్ను పోకమునుపే నింపుట చవుక. పాదరసములో వెండి, తగరము, రాగి కలిపిన అమాల్గము 1830లనుండి ఉన్నది. పాదరసము విషమని మొదటినుండియు వివాదమే. అందుచేత దాని వాడుక తగ్గించుకొనవలెనని 2013 మినమాటా ఒప్పందము నిర్ణయించినది. మాకు ఎక్కువ ముచ్చటగొలుపునది గ్లాస్ అయానోమర్ సిమెంటు. ఇంగ్లండులో 1970ల ఆరంభమున వచ్చిన ఈ సిమెంటు తడిగానున్న పంటికే అంటుకొని, కొంచెము కొంచెముగా ఫ్లోరైడు విడుచును. 1980ల నడుమ టాంజానియాలో దంతవైద్యులు కరెంటు లేని పల్లెలలో, తిరుగుడు యంత్రము లేకయే, చేతి పనిముట్లతో పుచ్చును గీకి ఈ సిమెంటుతో నింపు పద్ధతిని నెలకొల్పిరి. చాలమారు మత్తుసూది కూడ అక్కరలేదు.

మేము తిరుగుప్రయాణమునకు లేచుచుండగా మామ్మ మునిమనుమరాలు పలకతో వచ్చినది. ఏడేండ్ల పిల్ల. నవ్వగా లోపలి దవడపంటిపై నల్లని గుంట కనబడినది. "పాలపన్నేలే, ఊడిపోతుంది" అని తల్లి అన్నది. కాదు. ఆరవయేట పాలపళ్ళ వెనుక వచ్చు దవడపన్ను, ఏ పన్నును ఊడకయే మొలచుటచేత, పాలపన్నని భ్రమపడుదురు. అది ఊడి మరల వచ్చునది కాదు. మాకు తెలిసినంతమేరకు చెప్పితిమి. మామ్మ వినుచు, "పైదా, కిందదా?" అని మాత్రము అడిగినది. పైదే.

ప్రసారమునాడు మేము పళ్ళులేని పాటనే వినిపించితిమి. దానికి నందివాడనుండి వచ్చిన జాబులో, పిల్లను గుడివాడ తీసికొనిపోయితిమనియు, పన్ను పీకలేదు, నింపిరనియు, చివర రెండు పంక్తులు వ్రాసియుండెను.