డిప్రెషన్ మాత్ర పనిచేయడానికి వారాలెందుకు? త్వరగా పనిచేసే మందు కోసం వేట ఎంతవరకు వచ్చింది?

గాంధీనగర్, అశోక్‌నగర్, చిక్కడపల్లి గల్లీల్లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదివేవాళ్లకు ప్రతి వారం లెక్కే. వాళ్లలో ఎవరైనా డిప్రెషన్‌తో డాక్టర్ దగ్గరికి వెళ్తే వినిపించే మాట... రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలి, పూర్తి గుణానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. వికారం, నిద్రలేమి మాత్రం మొదటి వారంలోనే మొదలవుతాయి. గుణం కనిపించక ముందే చాలామంది మాత్ర మానేసేది ఇక్కడే.

అసలు ఆలస్యం ఎక్కడ?

మెదడులో నరాల కణం సెరటోనిన్‌ను బయటికి వదిలి, పనయ్యాక మళ్లీ లోపలికి లాక్కుంటుంది. ఫ్లూక్సెటిన్, సెర్ట్రాలిన్, ఎసిటలోప్రామ్ లాంటి మందులు ఆ లాక్కునే దారిని మూసేస్తాయి. ఇది గంటల్లోనే జరుగుతుంది. కానీ బయట సెరటోనిన్ పెరగగానే కణం తన వైపు నుంచి బ్రేక్ వేస్తుంది. ఆ బ్రేక్ వదులవడానికే వారాలు పడుతుందన్నది శాస్త్రవేత్తలు ఎక్కువగా చెప్పే వివరణ.

దారి మూయడం కాకుండా, అదే దారిలో సెరటోనిన్‌ను బయటికి తోయిస్తే? అలా చేసేవే సెరటోనిన్ రిలీజర్లు. ఐడియా బాగుంది, రికార్డే బాలేదు. ఈ గుణమున్న మొనేస్ అనే మందు 1961లో అమెరికాలో డిప్రెషన్‌కు వచ్చింది. తెల్ల రక్తకణాలు పడిపోతున్నాయని మరుసటి ఏడాదే ఆపేశారు. బరువు తగ్గడానికి వాడిన ఫెన్‌ఫ్లురమైన్ గుండె కవాటాలను దెబ్బతీస్తోందని 1997లో మార్కెట్ నుంచి పోయింది. పార్టీల్లో పట్టుబడే ఎండీఎంఏ కూడా ఈ కోవదే. మానసిక గాయాల చికిత్సకు దాన్ని వాడతామంటే 2024 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు.

గంటల్లో పనిచేసే మందు అసలు లేదా అంటే, ఉంది. 2019లో ఎఫ్‌డీఏ అనుమతించిన ఎస్కెటమైన్ ముక్కు స్ప్రే సెరటోనిన్ జోలికి పోకుండా గ్లుటమేట్ వైపు నుంచి పనిచేస్తుంది. అయితే ఇంట్లో వాడేది కాదు. స్ప్రే చేశాక కనీసం రెండు గంటలు డాక్టర్ పర్యవేక్షణలో కూర్చోవాల్సిందే.

హైదరాబాద్ కంపెనీ కూడా రేసులో

జాస్తి వెంకట్ స్థాపించిన సువెన్ లైఫ్ సైన్సెస్ రోపానికాంట్ అనే మందును పరీక్షిస్తోంది. ఇది రిలీజర్ కాదు. మెదడులోని ఒక రకం నికోటినిక్ రిసెప్టర్లను అడ్డుకుంటుంది. జంతువుల మెదడులో సెరటోనిన్ పెరిగినట్టు కంపెనీ పరిశోధకులు ప్రచురించారు. అమెరికాలో డిప్రెషన్ రోగులపై రెండో దశ ప్రయోగాల వరకు వెళ్లింది. జంతువుల్లో బాగున్న మందు మనుషుల్లో తేలిపోవడం ఈ రంగంలో మామూలే కాబట్టి ఇప్పుడే ఆశలు పెట్టుకోలేం.

ఈలోగా వాడేది పాత మాత్రలే. 25 ఏళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని వీటిపై ఎఫ్‌డీఏ హెచ్చరిక ఉంది. పక్కన ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. డోసు మార్చినా, ఆపినా డాక్టర్ చెబితేనే. అర్ధరాత్రైనా సరే, టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడొచ్చు.