సముద్రస్నానము, మురుగునీరు: ఇంగ్లండు తీరముల చరిత్ర

సముద్రము సమస్తమును శుద్ధి చేయునని మన పెద్దలే కాదు, ఇంగ్లండు దేశపు పురపాలకులును చాలకాలము నమ్మిరి. ఈ నమ్మకమున కొంత సత్యము లేకపోలేదు. ఉప్పునీరును, ఎండయు రోగక్రిములను చంపును. అయితే అందులకు కొంత వ్యవధి కావలెను. మురుగుగొట్టము ఒడ్డునకు దగ్గఱగా ముగిసి, గాలియు పోటును తీరమువైపు త్రోసినచో, క్రిములు చావకమునుపే ఆ మురుగు స్నానము చేయువారిని చేరును. ఈ సంగతి ఒప్పుకొనుటకు ఆ దేశమునకు ఎంతకాలము పట్టినదో విన్నవింతును.

19వ శతాబ్దమున రైలుమార్గములు పడిన పిమ్మట బ్లాక్‌పూల్ వంటి తీరపట్టణములకు జనులు వేలకొలదిగా స్నానమునకై పోసాగిరి. ఆ పట్టణముల మురుగును అదే సముద్రములోనికి పోవుచుండెను.

1957లో ఒక బాలిక పోలియో వ్యాధిచే మరణించెను. మురుగు కలిసిన సముద్రపు నీరే కారణమని తల్లిదండ్రులు తలచి, తీరకాలుష్యమునకు ఎదురుగా ఒక సంఘమును నెలకొల్పిరి. 1959లో వైద్యపరిశోధనా మండలివారి నివేదిక వెలువడెను. తీరము చూచుటకే రోత కలిగించునంత మలినమైన చోట తప్ప, స్నానమువలన ఆరోగ్యమునకు భయము దాదాపు లేదని దాని సారాంశము. పరిశోధకులు ముఖ్యముగా వెదకినవి టైఫాయిడు, పోలియో వంటి ఘోరవ్యాధులు. వాంతులు, విరేచనములు, చెవిపోటు మొదలగునవి రెండుమూడు దినములలో మానిపోవును. వానికై వైద్యునికడకు పోవువారు అరుదు. కావున అవి ఎవరి లెక్కకును రాలేదు. లెక్కకు రానిది లేనట్లే భావింపబడెను.

1975 డిసెంబరులో ఐరోపా ఆర్థికసమాజము స్నానజలములకు ఒక శాసనము చేసెను. 100 మిల్లీలీటర్లు, అనగా సుమారు అరగ్లాసు నీటియందు, మలసంబంధమైన కోలిఫారము క్రిములు 2,000కు మించరాదనియు, పదేండ్లలో తీరములను బాగుచేయవలెననియు విధించెను. బ్రిటిషు ప్రభుత్వము మొదట 27 తీరములనే స్నానస్థలములుగా ప్రకటించెను. బ్లాక్‌పూల్ అందులో లేదు! తుదకు 1993లో బ్లాక్‌పూల్, సౌత్‌పోర్టు తీరముల విషయమున ఐరోపా న్యాయస్థానము ఆ ప్రభుత్వమునకు ప్రతికూలముగా తీర్పు చెప్పెను.

ఇంతలో 1989 మొదలు 1992 వఱకు నాలుగు తీరములయందు ఒక గొప్ప పరీక్ష జరిగెను. 1,216 మంది పెద్దవారు స్వయముగా ముందుకు వచ్చిరి. చీట్లు వేసినట్లు వారిని రెండు పక్షములుగా విభజించి, ఒక పక్షమువారిని నీట మునుగుమనిరి. రెండవ పక్షమువారిని ఒడ్డుననే ఉండుమనిరి. 1994లో ఫలితము ప్రకటింపబడెను. 100 మిల్లీలీటర్లలో మలసంబంధమైన స్ట్రెప్టోకాకస్ క్రిములు సుమారు 32కు మించినప్పుడు, మునిగినవారిలో కడుపువ్యాధులు పెరిగెను. ఈ క్రిములు సాధారణముగా వ్యాధికారకములు కావు. మలము నీట కలిసెనని తెలుపు సాక్షులు మాత్రమే. ఉప్పునీట కోలిఫారములకన్న ఇవి ఎక్కువకాలము బ్రదుకును. అందుచే 2003లో ప్రపంచ ఆరోగ్యసంస్థయు, 2006లో ఐరోపా నూతనశాసనమును ఈ జాతి క్రిముల లెక్కను గైకొనెను.

మురుగును శుద్ధి చేసి విడుచుట, గొట్టములను దూరము పొడిగించుట, అతినీలలోహిత కిరణములతో క్రిములను చంపుట అను ఉపాయములచే చాల తీరములు బాగుపడెను. అయినను పెద్దవాన కురిసినప్పుడు కాలువలు పొంగి, శుద్ధిలేని మురుగును, పశువుల పేడయు సముద్రమున కలియుట మానలేదు. పరీక్షాశాలలో క్రిములను లెక్కించుటకు ఒకటిరెండు దినములు పట్టును. అందుచే వానను చూచియే జనులను ముందుగా హెచ్చరించు పద్ధతి ఏర్పడెను.

మన విశాఖపట్టణమునొద్ద రుషికొండ తీరమునకు 2020లో ‘నీలిజెండా’ గుర్తింపు లభించెను. దాని ఆధారములలో ఇట్టి నీటిపరీక్షలును ఉన్నవి. పర్వదినములలో మన గ్రామములనుండి బండ్లు కట్టించుకొని సముద్రస్నానమునకు పోవువారికి పెద్దలు ఒక్కమాట చెప్పవలెను: నీరు తేటగా ఉన్నంతమాత్రమున శుభ్రమని తలపరాదు. పెద్దవాన వెలిసిన ఒకటిరెండు దినములు స్నానము మానుట మేలు. మురుగుకాలువ కలియుచోట పిల్లలను ఎన్నడును దింపరాదు.