ప్రాసెసర్ పోయింది, లినక్స్ మిగిలింది: డెక్ ఆల్ఫా కథ

మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే, దాని లోపల నడిచేది లినక్స్ కెర్నల్. కానీ 1991 ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ దీని గురించి మొదటిసారి చెప్పినప్పుడు, ఇది ఇంటెల్ 386కి కట్టేసినట్టు రాసింది, వేరే మెషీన్లకి పనికిరాదు అనే అర్థంలోనే రాశాడు. మరి అక్కడి నుంచి మన ఫోన్ దాకా ఎలా వచ్చింది? దానికి కారణం ఎక్కువగా ఒక చనిపోయిన ప్రాసెసర్.

అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్, షార్ట్‌గా డెక్, అనే కంపెనీ ఉండేది. పీసీలన్నీ 32 బిట్ దగ్గరే ఉన్న 1992లో అది పూర్తి 64 బిట్ ప్రాసెసర్ తెచ్చింది. పేరు ఆల్ఫా. 1994లో న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన డెక్ యూజర్ల మీటింగ్‌కి లైనస్ వచ్చాడు. అక్కడ డెక్ ఉద్యోగి జాన్ హాల్‌కి లినక్స్ తెగ నచ్చేసింది. ఈయన్ని అందరూ మ్యాడ్‌డాగ్ అంటారు. ఆయన పట్టుబట్టి లైనస్‌కి ఒక ఆల్ఫా మెషీన్ ఇప్పించాడు.

అసలు మలుపు ఇక్కడే ఉంది. ఆల్ఫా కోసం ఇంకో కాపీ రాసుకుంటే పనైపోయేది. లైనస్ అలా చేయలేదు. ప్రాసెసర్‌ని బట్టి మారే కోడ్‌ని ఒక పక్కకి, అందరికీ ఒకేలా పనిచేసే కోడ్‌ని ఇంకో పక్కకి విడదీశాడు. 1995 మార్చిలో వచ్చిన 1.2 వెర్షన్‌లో ఆల్ఫా చేరింది. ఈరోజు మీ ఫోన్‌లోని ఆర్మ్ చిప్‌కి కూడా ఆ సోర్స్ కోడ్‌లో ఉన్నది అలాంటి ఒక ఫోల్డరే. టైటానిక్ సినిమా గ్రాఫిక్స్ కోసం కూడా లినక్స్ పెట్టిన ఆల్ఫా మెషీన్లు వందకి పైగా పనిచేశాయి!

తర్వాత కథ మారింది. 1998లో డెక్‌ని కాంపాక్ కొనేసింది. 2001లో ఆల్ఫాని ఆపేసి ఇంటెల్ ఇటానియమ్‌కి వెళ్తాం అంది. 2007లో అమ్మకాలు ఆగిపోయాయి. తమాషా చూడండి: ఆల్ఫా కుర్చీలో కూర్చున్న ఇటానియమ్‌ని 2024 జనవరిలో వచ్చిన లినక్స్ 6.7 నుంచి తీసేశారు. ఆల్ఫా మాత్రం ఇంకా ఉంది. డెబియన్‌లో 2009 నాటి 5.0 తర్వాత అధికారిక లిస్టులోంచి పోయినా, వాలంటీర్లు విడిగా నడిపిస్తూనే ఉన్నారు.

అలాగని ఇది ఊరికే జరగదు. తొలి ఆల్ఫాలు మెమరీలో ఒక్క బైట్‌ని విడిగా రాయలేవు. కనీసం నాలుగు బైట్లు తెచ్చుకుని, ఒకటి మార్చి, మొత్తం తిరిగి పెట్టాలి. ఒకే షీట్‌ని ఇద్దరు డౌన్‌లోడ్ చేసి, చెరో గడి మార్చి, మళ్ళీ అప్‌లోడ్ చేస్తే ఏమవుతుంది? మొదటివాడి మార్పు ఎగిరిపోతుంది. ఇదీ అంతే. ఈ ఒక్క లోపం కోసం మిగతా కెర్నల్ అంతా జాగ్రత్తలు మోయాల్సి వచ్చింది. అందుకే 2024లోనే, 6.10 వెర్షన్‌లో, ఆ పాత మోడళ్ళని తీసేశారు. తర్వాతి మోడళ్ళు ఉన్నాయి.

కాబట్టి ఓపెన్ సోర్స్ అంటే ఎప్పటికీ బతికే వరం అని నేననను. అది ఇచ్చేది ఒక హక్కు మాత్రమే. కంపెనీ చేతులెత్తేసినా, ఓపిక ఉన్నవాళ్ళు పని కొనసాగించుకోవచ్చు. మీ ఫోన్‌కి నాలుగేళ్ళకే అప్‌డేట్లు ఆగిపోతే, హార్డ్‌వేర్ బాగానే ఉన్నా మీరేం చేయగలరు? లాక్ చేసిన బూట్‌లోడర్, బయటికివ్వని డ్రైవర్లు అడ్డొస్తాయి. లోపల లినక్స్ ఉన్నా తాళం మాత్రం కంపెనీ దగ్గరే. ఈసారి ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అని చూడటంతో పాటు, బూట్‌లోడర్ అన్‌లాక్ అవుతుందా అని కూడా ఒకసారి చూడండి. ఉంటాను మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!