లెక్క తప్పని యంత్రం కోసం: యాభై ఏళ్ల సింహావలోకనం

ఆంధ్రప్రదేశ్‌లోని పెద్ద పత్తి మార్కెట్లలో ఆదోని ఒకటి. అక్కడి యార్డుకు వచ్చిన లాట్ డబ్బుగా మారి రైతుకు అందేలోపు చాలా మెట్లు దాటాలి. గేటు దగ్గర నమోదు, లాట్ నంబరు, నాణ్యత పరీక్ష, వ్యాపారుల టెండరు, ధర ఖరారు, కాటా, బిల్లు, చెల్లింపు. 2016 ఏప్రిల్ 14న కేంద్రం ప్రారంభించిన ఈ-నామ్ ఈ వరసనంతా కంప్యూటర్ల మీదికి తెచ్చింది. ఆదోని యార్డూ అందులో చేరింది.

కాటా అయింది, బిల్లు పడేలోపు యంత్రం ఆగిపోయింది అనుకుందాం. తిరిగి లేచాక లాట్ ఎక్కడ ఆగిందో దానికి తెలియాలి. బిల్లు రెండుసార్లు పడకూడదు, పడకుండా పోనూ కూడదు. కంప్యూటర్ శాస్త్రం అర్ధ శతాబ్దంగా శ్రమిస్తున్నది ఈ హామీ కోసమే.

1974లో మొదలైన టాండెమ్ కంపెనీ, ఒక ప్రాసెసర్ ఆగితే ఇంకొకటి పని అందుకునే యంత్రాలు తయారుచేసింది. 1981లో అక్కడే పనిచేస్తున్న జిమ్ గ్రే ట్రాన్సాక్షన్ భావనను విడమరిచి రాశారు. పని జరిగితే పూర్తిగా జరగాలి, లేదా అసలు మొదలుకానట్టే ఉండాలి. గంటలూ రోజులూ సాగే పనులకు ఈ నియమం ఇరుకైంది. 1987లో గార్సియా మోలీనా, సేలం ‘సాగా’ పద్ధతి ప్రతిపాదించారు: పనిని ముక్కలు చేయాలి, మధ్యలో తప్పితే అప్పటిదాకా చేసినవాటిని సరిదిద్దే ముక్కలూ సిద్ధంగా ఉంచాలి. మద్రాస్ ఐఐటీలో చదివిన సి. మోహన్ ఐబీఎంలో సహచరులతో కలిసి 1992లో ప్రచురించిన ‘ఏరీస్’, ముందు చిట్టాలో రాసి ఆ తర్వాతే మార్పును ఖరారు చేసే డేటాబేస్ పడిపోయినా ఎలా కోలుకోవాలో పూర్తిగా చూపింది.

2014 నవంబరులో అమెజాన్ లాంబ్డా ప్రకటనతో సర్వర్‌లెస్ శకం మొదలైంది. సర్వర్లను చూసుకునే బాధ్యత క్లౌడ్ కంపెనీది. పిలుపు వస్తే ‘ఫంక్షన్’ అనే కోడ్ ముక్క నడుస్తుంది, నడిచినంతసేపటికే బిల్లు. అయితే ఆ ఫంక్షన్ ఆయుష్షు తక్కువ: మొదట్లో 60 సెకన్లు, 2018 నుంచి 15 నిమిషాలు. దాని జ్ఞాపకాన్ని నమ్ముకోలేం. విఫలమైతే క్లౌడ్ మళ్లీ నడిపిస్తుంది, కాబట్టి ఒకే పని రెండుసార్లు జరిగే ప్రమాదం ఉంది. డేటాబేస్‌లు మోసిన భారంలో చాలావరకు ప్రోగ్రామర్ నెత్తినే పడింది.

పరిష్కారాలు రెండు దారుల్లో వచ్చాయి. మొదటిది, ప్రతి అభ్యర్థనకూ ఒక నంబరు. అదే నంబరు మళ్లీ వస్తే పని చేయకుండా పాత ఫలితమే ఇవ్వాలి. రెండోది, స్థితిని ఫంక్షన్ బయట రాసిపెట్టడం. 2016 డిసెంబరులో వచ్చిన అమెజాన్ స్టెప్ ఫంక్షన్స్, ఏడాదిదాకా సాగే పనిలోనూ ఏ మెట్టు దాటిందో గుర్తుంచుకుంటుంది. మైక్రోసాఫ్ట్ డ్యూరబుల్ ఫంక్షన్స్ 2017లో మొదటిసారి బయటికొచ్చాయి. అవి జరిగిన చరిత్రను తిరిగి చదువుకుని ఆగినచోటి నుంచి సాగుతాయి. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టిన ఎమ్మిగనూరులో ఇది ఎవరికైనా అర్థమవుతుంది: మగ్గం మీద కూర్చున్న మనిషి మారినా, నేసిన మేర చూసి కొత్త మనిషి తర్వాతి పేక అందుకుంటాడు. 2020లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘బెల్డీ’తో సర్వర్‌లెస్ ఫంక్షన్లకే చిట్టానూ ట్రాన్సాక్షన్లనూ జతచేశారు.

అయినా కథ ముగియలేదు. 2025 అక్టోబరులో అమెరికాలోని ఒక అమెజాన్ రీజియన్‌లో డైనమోడీబీ చిరునామా నమోదు చెడిపోయి, ఆ డేటాబేస్‌పై ఆధారపడిన సేవలెన్నో స్తంభించాయి. ఖాతా భద్రంగా ఉండటమే చాలదు, ఖాతా దగ్గరికి వెళ్లే దారీ తెరిచి ఉండాలి.

2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లోనే అమెజాన్ రీజియన్ ఉంది. రేపటి మార్కెట్, పింఛను, సహకార సంఘాల సేవలు ఇలాంటి వేదికల మీదికే వెళ్తాయి. వాటిని కొనే అధికారులు వేగం, ఖర్చు అడిగి ఊరుకోకూడదు. ప్రతి మెట్టు దగ్గరా ప్రోగ్రామును కావాలని మధ్యలో ఆపించి చూడాలి. తిరిగి లేచాక ఒక లాట్‌కు ఒకే బిల్లు, ఒకే చెల్లింపు ఉన్నాయని తేలితేనే ఆ వ్యవస్థను రైతు ముందు పెట్టాలి.