కొక్కేనికి వచ్చిన సొగసు



ఈమధ్య మన పట్టణాల వీధుల్లో కొన్ని కార్ల ముందుభాగాన ఒక చిత్రమైన ఆభరణం కనిపిస్తున్నది. బంపరుకు ఒక పక్కగా, ఎర్రగానో నీలంగానో నిగనిగలాడుతూ, నడుమ పెద్ద రంధ్రమున్న లోహపు కొక్కెం ఒకటి ముక్కుపుడక వలె బయటికి పొడుచుకొని ఉంటుంది. యువకులు దీనిని 'టో హుక్' అంటారు. విడిగా కొని, తమకు నచ్చిన రంగులో, నచ్చిన ఆకారంలో బిగించుకొంటారు. నేను తెలుగు పండితుడను. యంత్రశాస్త్రం నా విద్య కాదు. అయినా అలంకారశాస్త్రం కొంత చదువుకొన్నవానికి, అలంకారం ఎక్కడ కనిపించినా దాని పుట్టుపూర్వోత్తరాలు విచారించాలనిపిస్తుంది. ఆ విచారణ ఫలితమే ఈ వ్యాసం.

కొక్కెం మనకు కొత్త వస్తువు కాదు. ఊరి బావిలో చేద జారిపడితే పాతాళగరిగె తెచ్చి దించేవారు. దాని కొక్కేలకు రంగు లేదు, నగిషీ లేదు. నీటి అడుగున కంటికి కానరాని వస్తువును పట్టి పైకి తేవడమే దాని సౌందర్యం. కారు కొక్కెం కూడా అట్లాంటి అవసరంలోనే పుట్టింది.

మోటారు బండి పుట్టిన తొలి రోజుల్లో అది దారిలో ఆగిపోవడం సర్వసాధారణం. అప్పుడు గుర్రాలే దిక్కు. మన పల్లెల్లో ఆ పని ఎడ్లది. నా చిన్నతనంలో వాగు ఇసుకలో దిగబడిన లారీని నాలుగు జతల ఎడ్లు మోకులతో లాగి గట్టెక్కించడం కళ్ళారా చూశాను. మోకును ఇరుసుకో, అడుగు చట్రానికో కట్టేవారు. ప్రత్యేకమైన కొక్కెం అంటూ అప్పటికి లేదు.

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో చాటనూగా అనే ఊరుంది. అక్కడ ఎర్నెస్ట్ హోమ్స్ అనే మెకానిక్ ఉండేవాడు. 1916లో అతని పరిచయస్థుడి ఫోర్డు కారు ఒకటి వాగులో పడింది. ఆరుగురు మనుషులు తాళ్ళతో, దుంగలతో దాదాపు 8 గంటలు శ్రమపడితే గాని అది ఒడ్డుకు రాలేదు. ఆ కష్టం చూసిన హోమ్స్, 1913 నాటి ఒక క్యాడిలాక్ కారు మీద మూడు స్తంభాలు నిలిపి, కప్పీ, గొలుసు అమర్చాడు. దారిలో చెడిన బండ్లను లాగుకొనిపోయే 'టో ట్రక్కు'కు అదే ఆది. ఆ ఊళ్ళో ఈ వృత్తికి ఒక మ్యూజియం కూడా ఉన్నది. లాగే బండి వచ్చాక, లాగబడే బండికి పట్టు ఎక్కడ అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. అలా చట్రానికి ఇనుప కొక్కేలు వచ్చాయి.

కాలక్రమంలో కార్ల నిర్మాణం మారింది. వేరే చట్రం లేకుండా, శరీరమే చట్రంగా ఉండే కార్లు వచ్చాయి. గుద్దుకొన్నప్పుడు ముందుభాగం తాను నలిగి లోపలివారిని కాపాడే పద్ధతిని 1959లో మెర్సిడెస్ బెంజ్ సంస్థ తన కార్లలో ప్రవేశపెట్టింది. బంపర్లు ఇనుమును వదలి ప్లాస్టిక్కు తొడుగులయ్యాయి. కొక్కెం బయట ఉంటే అందానికి లోటు, పాదచారులకు గాయం. అందుచేత దానిని విడదీసి, జాకీ, స్పానర్లతో పాటు డిక్కీలో దాచారు. నేటి చాలా కార్ల బంపరు మీద చిన్న మూత ఒకటి ఉంటుంది. దానిని తీస్తే లోపల మరలున్న రంధ్రం. కొక్కేన్ని అందులో చివరంటా తిప్పి, స్పానరు పెట్టి బిగిస్తే, అది లోపలి ఉక్కు దూలాన్ని పట్టుకొంటుంది. పని ముగిశాక మళ్ళీ డిక్కీలోకి. నిత్యజీవితంలో కొక్కేనికి అజ్ఞాతవాసమే విధించారన్నమాట.

ఆ అజ్ఞాతవాసం వర్తించని చోటు పందెపు మైదానం. అక్కడ కారు అదుపు తప్పి గులకరాళ్ళలో దిగబడితే, వెనుక వచ్చే కార్లకు అది మృత్యువు. సహాయకులు పరుగున వచ్చి క్షణాల్లో దానిని లాగివేయాలి. మూత తీసి మరలు తిప్పే వ్యవధి ఉండదు. కనుక ఎఫ్.ఐ.ఎ. అనే అంతర్జాతీయ మోటారు సమాఖ్య, పందెపు కార్లకు ముందూ వెనుకా లాగుడు కొక్కెం ఉండాలనీ, అది స్పష్టంగా కనిపిస్తూ పసుపు, ఎరుపు, నారింజ రంగుల్లో ఏదో ఒకటి కలిగి ఉండాలనీ నియమం చేసింది. నేడు మన వీధుల్లో సొగసుగా కనిపించే ఆ ఎర్రరంగు అసలు సొగసు కోసం పుట్టలేదు. "నన్ను ఇక్కడ పట్టుకో" అని ఆపదలో ఉన్న బండి వేసే కేక అది.

ఆ కేక ఆభరణమైన కథకు జపానులో ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. 1970, 80 దశకాల్లో అక్కడ 'బోసోజోకు' అనే దుడుకు యువకుల ముఠాలు మోటారు సైకిళ్ళ మీద, కార్ల మీద వీధులను హోరెత్తించేవి. 1982 నాటికి వీరి సంఖ్య 40 వేలు దాటిందని అక్కడి పోలీసుల లెక్క. వీరు రైళ్ళలో నిలబడినవారు పట్టుకొనే వలయాలను ఊడదీసుకొని వచ్చి, తమ కార్ల వెనుక బంపరు కింద వేలాడదీసేవారు. ఆ వలయం పేరు 'ట్సురికావా'. మాటకు మాట అర్థం చెప్పుకొంటే 'వేలాడే తోలు'. వలయం నేలకు ఎంత దగ్గరగా ఊగితే కారు అంత కిందికి దించి ఉన్నదని గొప్ప. పడిపోకుండా మనిషిని నిలబెట్టే వస్తువు చివరికి తెగువకు పతాకమయింది! పందెపు కొక్కెమూ, ఈ వలయమూ క్రమంగా దేశదేశాల కుర్రకారుకు అలంకారాలయ్యాయి.

అవసరం అలంకారంగా మారడం మోటారు చరిత్రలో ఇదే మొదటిసారి కాదు. తొలి కార్లలో నీళ్ళు మరిగేదీ లేనిదీ తెలిసే దారి ఉండేది కాదు. 1912లో హారిసన్ బాయిస్ అనే ఆయన రేడియేటరు మూత మీద అమర్చే ఉష్ణమాపకానికి పేటెంటు పొందాడు. కూర్చున్నచోటి నుంచే చూసుకోవచ్చు. ఆ మూత మీదనే పక్షులు, దేవతలు, అప్సరసలు కూడా వెలిశాయి. చార్లెస్ సైక్స్ అనే శిల్పి రూపొందించిన రోల్స్ రాయిస్ వారి రెక్కల సుందరి 1911 నాటిది. అయితే 1974లో ఐరోపా సమాజం కార్ల నుంచి పొడుచుకొని వచ్చే భాగాల మీద నిబంధనలు విధించింది. నేడు ఆ సుందరి ఏదైనా తగిలిన మరుక్షణం లోపలికి మునిగిపోతుంది. మనిషి ఎముకకు అపకారం చేసే అందాన్ని చట్టం ఒప్పుకోలేదు.

మన దేశంలోనూ అంతే. కార్ల ముందు బిగించే ఇనుప కమ్మీలను, అనగా బుల్ బార్లను, తొలగింపజేయవలసిందిగా కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు వ్రాసింది. అవి పాదచారులకు ప్రాణాంతకాలు కావడమే గాక, గుద్దుకొన్నప్పుడు గాలిసంచులు సకాలంలో విచ్చుకోకుండా అడ్డుపడతాయి. నిత్యం పొడుచుకొని ఉండే కొక్కెం కొలతలో చిన్నదే గాని, ఎదుట నడిచే పసివాని మోకాలికి చిన్నది కాదు.

ఇంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. బజారులో దొరికే అలంకార కొక్కేలు రెండు తెగలు. ఒకటి, అసలు మరల రంధ్రంలోనే బిగిసి బరువును లాగగలిగేది. రెండవది, ప్లాస్టిక్కు తొడుగుకో నంబరు పలకకో బోల్టులతోనో జిగురు పట్టీతోనో తగిలించేది. చూడడానికి రెండూ ఒకటే. పైన పటారం, లోన లొటారం అంటే ఈ రెండవదే.

రెండేళ్ళ కిందట వానాకాలంలో మా వీధి అబ్బాయి కారు పొలం గట్టు పక్క బురదలో కూరుకుపోయింది. సాయానికి వచ్చిన ట్రాక్టరు రైతు, ముందు మెరుస్తున్న కొక్కేన్ని చూసి దానికే తాడు తగిలించాడు. ఆయన తప్పేమున్నది? కొక్కేన్ని చూసి కొక్కెం అనుకొన్నాడు. తాడు బిగిసింది. మరుక్షణం ఆ కొక్కెం బంపరు ముక్కతో సహా ఊడి, వడిసెల రాయి వలె ట్రాక్టరు వైపు దూసుకుపోయి మడ్‌గార్డుకు తగిలింది. జానెడు పక్కకు తగిలితే ఆ రైతు వెన్ను. సాగిన తాడులో నిలువ ఉన్న బలమంతా, తెగిన క్షణంలో, తెగిన వస్తువుకే సంక్రమిస్తుంది.

క్షేమేంద్రుడు పదకొండవ శతాబ్దంలో కాశ్మీరదేశాన ఔచిత్యాన్ని కావ్యానికి జీవమన్నాడు. మెడలో వడ్డాణమూ నడుముకు హారమూ ధరిస్తే నవ్వులపాలే అని ఆయన భావం. నకిలీ కొక్కెం విషయంలో నవ్వుతో పోదు. నగ అబద్ధమాడితే పరువు పోతుంది. కొక్కెం అబద్ధమాడితే ప్రాణం పోతుంది. అదీ తగిలించుకొన్నవాడిది కాదు, దానిని నమ్మి సాయానికి వచ్చినవాడిది.

మన పెద్దలకు ఈ వివేకం ఉండేది. ఎద్దు మెడలో మువ్వల పట్టెడ అందంగా ఉండేది, చీకటి దారిలో ఎదుటివారిని హెచ్చరించేది. కొమ్ములకు తొడిగిన ఇత్తడి కుప్పెలు మెరిసేవి, వాడి కొమ్ముల పోటును తగ్గించేవి. కాని బండి చక్రాన్ని ఇరుసు నుంచి జారకుండా ఆపే కడసీలను మెరుపు కోసం పుల్లతో చేసి రంగు పూసినవాడు లేడు.

కనుక యువమిత్రులకు నా మనవి ఒకటే. సొగసు మీద నాకు కినుక లేదు. కొక్కెం బిగించుకోదలిస్తే, కారు తయారీదారు ఇచ్చిన మరల రంధ్రంలో చివరంటా బిగిసేదీ, మీ కారు బరువును లాగగలదని తయారీదారు హామీ ఇచ్చినదీ ఎంచుకోండి. నిత్యం డిక్కీలో ఉంచి, అక్కర పడినప్పుడు బయటికి తీయడం ఉత్తమం. నకిలీది ఇప్పటికే ఉంటే ఈ పూటే ఊడదీయండి. బురదలో మీ కోసం తాడు పట్టుకొని దిగే ఆ అపరిచితునికి మనం ఇవ్వగల కనీస గౌరవం అది.

స్వస్తి.